లెక్క వచ్చు, చిక్కు విడదు

తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లెకు పోయే దారిలో ఒక కొసన ఒక రకం చదువు, ఇంకో కొసన ఇంకో రకం చదువు ఉన్నాయి. ఇటు కొసన 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. అట్లాంటి చోట్ల సీటు రావాలని ఆరో తరగతి నుంచే పిల్లల్ని కూర్చోబెట్టే ఫౌండేషన్ బ్యాచీలూ ఉన్నాయి. అటు కొసన రిషీవ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, భయమూ పోలికా లేని చోటే పిల్లవాడి బుద్ధి వికసిస్తుందన్న నమ్మకంతో నిలబెట్టిన బడి అది. ఈ రెండింటి నడుమ ఉన్న వందలాది మామూలు బడుల్లో ఇప్పుడు ఒక వాదం నడుస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం బట్టీ తగ్గించాలని, విమర్శనాత్మక ఆలోచన పెంచాలని చెప్పాక అది మరీ ఎక్కువైంది. పిల్లలకు ముందు విషయం నేర్పాలా, ఆలోచించడం నేర్పాలా అన్నదే ఆ వాదం. దాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. అక్క మదనపల్లె దగ్గరి ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. తమ్ముడు తిరుపతిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే లెక్చరర్. ఇద్దరూ నా ఊహలోని మనుషులే, కానీ వాళ్లు ముందుపెట్టే సాక్ష్యాలు ఊహించినవి కావు. నా మొగ్గు ఎటో దాచను. నేను అక్క వైపే. అయితే ఆమె మొదట చెప్పిన మాట వైపు కాదు, తమ్ముడి ప్రశ్నలకు నిలిచి మిగిలిన మాట వైపు.

తమ్ముడు: అక్కా, వారానికొక పీరియడ్ ఆలోచనకని విడిగా పెట్టాలంటున్నావు. పజిళ్లు, పొడుపు కథలు, చదరంగం. పిలకాయలు సంతోషంగా ఆడుకుంటారు, దానికి నేను అడ్డు చెప్పను. కానీ అందువల్ల లెక్కల్లో, సైన్సులో బుర్ర పదునెక్కుతుందంటే మాత్రం ఒప్పుకోను. చదరంగం సంగతే చూడు. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం చేశారు. నిజంగా ఆడిన ఆటలోంచి ఒక బోర్డు తీసుకుని, కొద్ది సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ అట్లాగే పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు చాలావరకు పేర్చేశాడు, కొత్తగా నేర్చుకున్నవాడు కొన్ని పావులకే ఆగిపోయాడు. తర్వాత అవే పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపించారు. అప్పుడు ఇద్దరికీ తేడా దాదాపు లేకుండా పోయింది. అంటే ఆ మాస్టరు దగ్గర ఉన్నది అన్నిటికీ పనికొచ్చే జ్ఞాపకశక్తీ కాదు, మంత్రం లాంటి ఆలోచనా శక్తీ కాదు. వేల ఆటలు చూసి చూసి కంటికి అలవాటైన అమరికలు. ఆ అమరికలు పోతే మాస్టరూ మామూలు మనిషే. ఆలోచన అనేది విషయాన్ని వదిలి విడిగా ఉండదు. అందుకే ముందు విషయం పెట్టాలంటాను. మన ఊళ్లలో అదే కరువు. పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు మూడో వంతుకు కూడా చేరలేదు. భాగహారమే రానివాడికి ఆలోచన పీరియడ్ పెట్టి ఏం ఒరగబెడతావు?

అక్క: విడి పీరియడ్ సంగతి కాసేపు పక్కన పెట్టు, దాని దగ్గరికి నేనే వస్తా. ముందు విషయం పెడితే ఆలోచన దానంతటదే వెనకే వస్తుందని నువ్వు అనుకుంటున్నావు చూడు, నా తగువు అక్కడ. భాగహారం వచ్చిన పిల్లల సంగతి చెప్తాను విను. 1980ల తొలినాళ్లలో అమెరికాలో పదమూడేళ్ల పిల్లలకు ఒక జాతీయ పరీక్షలో ఈ లెక్క ఇచ్చారు. 1,128 మంది సైనికులున్నారు, ఒక్కో బస్సులో 36 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులు అని రాసింది నాలుగో వంతు కూడా లేరు. చాలామంది 31 శేషం 12 అని రాసి పెన్ను మూసేశారు. మన తిరుమల కొండ బస్సుల క్యూలో నిలబడిన ఏ ముసలమ్మనడిగినా మిగిలిన పన్నెండుమందికీ ఇంకో బస్సు కావాలంటుంది. ఆ పిల్లలకు తెలియనిది భాగహారం కాదు. లెక్క చేస్తున్నంతసేపూ బస్సు అనేది ఒకటుందని వాళ్లకు గుర్తులేదు. ఫ్రాన్సులో గ్రెనోబుల్ దగ్గర 1979 ప్రాంతంలో ఇంకో చిత్రం జరిగింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని చిన్న తరగతుల పిల్లల్ని అడిగారు. 97 మందిలో 76 మంది ఆ అంకెల్ని కలిపో తీసేసో ఒక వయసు చెప్పేశారు. ఆ పిల్లలు మందబుద్ధులు కారు. బళ్లో ఇచ్చిన ప్రతి లెక్కకూ జవాబు ఉంటుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, అర్థం అడగకూడదు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. నువ్వు విషయం పెడుతున్నాననుకుంటావు, పిల్లవాడు దాంతోపాటు ఇది కూడా నేర్చుకుంటాడు.

తమ్ముడు: అమెరికా, ఫ్రాన్సు. మన సీమ పిల్లల సంగతి చెప్పు.

అక్క: మన సీమదే చెప్తా, రెండు వందల ఏళ్ల కిందటిది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ వీధిబడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అప్పుడు బళ్లారి మన దత్తమండలాల్లోదే. పిలకాయలు గ్రాంథిక పద్యాల్ని గడగడా అప్పజెప్తున్నారు గానీ అందులో ఒక్క ముక్క అర్థం తెలియదని, చాలాచోట్ల అయ్యవారికీ తెలియదని రాశాడు. అదే నివేదికలో ఒక మెచ్చుకోలు కూడా ఉంది. ముందు నేర్చుకున్న పిల్లలు వెనకపడినవాళ్లకు చెప్పడం, చెబుతూ తమకు వచ్చింది గట్టిపరచుకోవడం చాలా మంచి పద్ధతని, ఇంగ్లండు దాన్ని చూసి నేర్చుకోవడం సబబేనని అన్నాడు. అతను దొరే, తన రాజ్యం పనికోసం రాశాడు, సరే. కానీ ఒకే బళ్లో అర్థంలేని బట్టీ, ఒకరికొకరు చెప్పుకునే తెలివి పక్కపక్కనే ఉండడం అతను చూశాడు. బట్టీని మనం పోగొట్టుకోలేదు. రెండోదాన్ని మాత్రం క్లాసులో మాట్లాడొద్దు అనే ఒక్క నియమంతో పోగొట్టుకున్నాం.

తమ్ముడు: ఆ వీధిబడి పిల్లవాడే వీసాలు, పరకలు, ముప్పాతికలు నోటిమీద వేసి వడ్డీ లెక్క తేల్చేవాడని మర్చిపోకు. ఎక్కాలు బట్టీ పట్టాడు కాబట్టే చేయగలిగాడు. ఒకటొప్పుకుంటా. శేషాన్ని అట్లా వదిలేసే పిల్లలు నా క్లాసులోనూ ఉన్నారు. కానీ దానికి మందు, ఏమీ చెప్పకుండా పిల్లల్ని సొంతంగా కనుక్కోండని వదిలేయడం కాదు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ దీనిమీద పెద్ద వ్యాసమే రాశారు. కొత్త విషయం నేర్చుకునేవాడి బుర్రలో ఒకేసారి పట్టేవి కొన్నే. దారి చూపకుండా సమస్యలో దించితే ఆ కొద్ది చోటూ వెతుకులాటకే అయిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు. చేసి చూపించిన లెక్కను చదివి అర్థం చేసుకున్న కొత్త విద్యార్థి, ఊరికే కుస్తీ పట్టినవాడికంటే బాగా నేర్చుకుంటాడని వాళ్ల వాదన. ఆలోచన పేరు చెప్పి చెప్పడం మానేసే బడులంటే నాకు భయం. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లవాడు ఎట్లాగో గట్టెక్కుతాడు. టమోటా తోటలో కూలికి పోయే అమ్మానాన్నల బిడ్డ గతేంటి?

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. ఈ అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. సమస్యలు ఛేదించడం నేర్పుతాం అనే మాటను చాలామంది చెప్పడం తగ్గించడం అనే అర్థంలో వాడుతున్నారు. పిల్లల ముందు ప్రాజెక్టు సామాను పడేసి, చార్టు మీద రంగులేయించి, అదే ఆలోచన అని ఫొటో తీసుకుంటున్నారు. అక్క వాదం నిలవాలంటే ఆమె ఈ రకం బడిని సమర్థించకూడదు. ఆమె సమర్థించదు కూడా. కానీ తమ్ముడు చెప్పినట్టు విషయం గట్టిగా పెడితే చాలు అన్నదీ నిలవదని తేల్చడానికి ఇంకా బలమైన సాక్ష్యం కావాలి.

అక్క: ఆ కూలి బిడ్డ దగ్గరికే వద్దాం. మదనపల్లె టమోటా మార్కెట్టు నీకు తెలుసు. 2023 జూలై చివర్లో కిలో రెండొందల దగ్గరికి పోయినప్పుడు దేశమంతా దాని పేరే. ఆ మార్కెట్టులో పెద్దవాళ్లతో తిరిగే పిల్లను, కిలో 18 రూపాయలైతే 25 కిలోల క్రేటు ఎంత అని అడుగు. నాలుగు క్రేట్లు నూరు కిలోలు, నూరుకు 1,800, అందులో నాలుగో వంతు 450 అని కాగితం లేకుండా చెప్పేస్తుంది. అదే పిల్లకు బళ్లో 18 ఇంటూ 25 అని బోర్డు మీద వేస్తే, ఐదు ఎనిమిదులు నలభై, సున్న వేసి నాలుగు అని మొదలుపెట్టి మధ్యలో ఎక్కడో తప్పిపోవచ్చు. బ్రెజిల్‌లో రెసీఫె నగరం వీధుల్లో కొబ్బరికాయల్లాంటివి అమ్మే పిల్లల్ని 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇట్లాగే చూశారు. అమ్మకంలో వచ్చిన లెక్కలు నూటికి 98 సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37.

తమ్ముడు: ఆ పరిశోధన నేనూ చదివాను. పిల్లలు ఐదుగురే కదక్కా.

అక్క: ఐదుగురే, నిజం. అందుకే 2025లో నేచర్ పత్రికలో వచ్చిందాన్ని చూడమంటా. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డూఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ వాళ్ల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించింది. రేటు, బరువు, చిల్లర అన్నీ కలిసిన బేరాల్ని ఆ పిల్లలు నోటిలెక్కతో తేల్చేశారు. అదే రకం లెక్కను బడి భాషలో, అంకెలుగా ఇస్తే చాలామంది చతికిలబడ్డారు. అక్కడితో ఆగలేదు. దగ్గరి బడుల్లో చదువుకునే, బజారు పని తెలియని 471 మందిని కూడా పరీక్షించారు. వాళ్లు అంకెల లెక్కలు వీళ్లకంటే బాగా చేశారు. బజారు లెక్క ఇచ్చేసరికి వాళ్ల పని అయిపోయింది. నీ సిద్ధాంతం నిజమైతే విషయం వచ్చిన బడి పిల్లలకు బజారు లెక్క రావాలి. అనుభవమే గురువు అనేవాళ్ల మాట నిజమైతే బజారు పిల్లలకు బడి లెక్క రావాలి. రెండూ జరగలేదు.

తమ్ముడు: అయితే నీ ఆలోచన పీరియడ్ కూడా పోయింది కదా. బజారులో నేర్చిన తెలివే బడిలోకి రానప్పుడు, శుక్రవారం పజిళ్లలో నేర్చిన తెలివి సోమవారం భాగహారంలోకి ఎట్లా వస్తుంది?

అక్క: పోయింది. ఒప్పుకుంటున్నా. విడి పీరియడ్ అడగను. కానీ ఆ తెలివి ఇటునుంచి అటు ఎందుకు రావడం లేదో, ఏం చేస్తే వస్తుందో కూడా ఇంకెవరో పరీక్షించి చూశారు. మేరీ గిక్, కీత్ హోలియోక్ అనే ఇద్దరు 1980లో చేసిన పని అది. కడుపులో గడ్డ ఉంది, గట్టి కిరణం వేస్తే గడ్డతోపాటు మంచి కండా కాలిపోతుంది, పలచటి కిరణానికి గడ్డ లొంగదు, డాక్టరు ఏం చేయాలి? ఊరికే అడిగితే పదిమందిలో ఒకరు చెప్పగలిగారు. కొందరికి ముందుగా ఒక కథ చదివించారు. కోట మీదికి పోయే ప్రతి దారిలోనూ మందుపాతరలున్నాయి, పెద్ద సైన్యం ఒకే దారిన పోతే పేలిపోతాయి, అందుకని సేనాపతి సైన్యాన్ని చిన్న చిన్న గుంపులుగా అన్ని దారుల నుంచీ ఒకేసారి పంపి కోటను పట్టుకున్నాడు. మన చంద్రగిరి కోటే అనుకో. అన్ని వైపుల నుంచీ పలచటి కిరణాలు వేస్తే గడ్డ దగ్గర కలిసి గట్టివవుతాయన్న జవాబు ఆ కథలోనే ఉంది. అయినా కథ చదివినవాళ్లలోనూ పదిమందికి ముగ్గురే చెప్పగలిగారు. అప్పుడు ఒక్క ముక్క చెప్పారు, ఇందాక చదివిన కథ నీకు పనికిరావచ్చు అని. ఆ ఒక్క ముక్కతో దాదాపు ముప్పావు వంతు మంది జవాబు పట్టేశారు. తాళంచెవి చేతిలోనే ఉంది, ఈ తలుపుకూ అదే పడుతుందని చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే.

తమ్ముడు: అంటే చెప్పాలనే కదా నువ్వూ అంటున్నది.

అక్క: చెప్పాలనే. నేను నీ మాటకు ఎదురు చెప్పింది చెప్పడం గురించి కాదు, చెప్పాల్సినదాంట్లో సగమే చెప్తున్నావని. పద్ధతి చెప్తున్నావు. ఆ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, జవాబు ఒప్పో తప్పో పుస్తకం వెనక పేజీ చూడకుండా ఎట్లా తెలుసుకోవాలి అన్నది చెప్పడం లేదు. అది కూడా పాఠమే. నా క్రేటు లెక్కలో పిల్ల నోటితో చేసిన దారిని బోర్డుకు ఎడమ పక్క రాయి, బడి గుణకారం కుడి పక్క రాయి. ఈ రెండూ ఒకే లెక్క ఎందుకైంది అని అడుగు. చెప్పలేకపోతే చెప్పు. 25 అంటే నూరులో నాలుగో వంతు, అందుకే నాలుగు క్రేట్ల దారి దగ్గరైంది. క్రేటు 25 కాకుండా 27 కిలోలైతే ఏ దారి సుళువు అని మళ్లీ అడుగు. ఆ చివరి ప్రశ్న దగ్గరే బజారూ బడీ కలుస్తాయి. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు, అదే గుణకారం పీరియడ్ చాలు.

తమ్ముడు: వినడానికి బాగుంది. రిషీవ్యాలీలో జరుగుతుంది. అక్కడ కొండలు, చెట్లు, క్లాసుకు కొద్దిమంది, ఫీజు కట్టగలిగే ఇళ్ల పిల్లలు. అరవైమంది క్లాసులో, నలభై నిమిషాల్లో చేసి చూపించు.

అక్క: రిషీవ్యాలీ అంటే నీకు ఆ పెద్ద బడి ఒక్కటే కనిపిస్తోంది. 1980ల చివర అక్కడే పద్మనాభరావు, రమ అనే దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని పేద పిల్లల కోసం ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడుల్లో చేసిన పని చూడు. ఐదు తరగతులు ఒకే గదిలో. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు, కార్డు మీద జంతువు బొమ్మో పక్షి బొమ్మో గుర్తు, గోడకు మెట్లలాంటి ఒక పటం. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో పటంలో చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుని కూర్చుంటుంది. కొత్త విషయమైతే టీచరు పక్కన, అభ్యాసమైతే తోటి పిల్లల గుంపులో, వచ్చేసిందైతే ఒంటరిగా. తనను తాను పరీక్షించుకునే కార్డు ఉంటుంది. రాకపోతే సరిదిద్దే కార్డుకు పోతుంది, వస్తే ముందుకు. కొత్త విషయం దగ్గర టీచరు పక్కనే ఉందని గమనించు, నీ స్వెల్లర్ చెప్పింది కూడా అదే. టీచరుకు ఆ సమయం ఎక్కడిది? మిగతా పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు కాబట్టి దొరికింది. క్యాంప్‌బెల్ చూసి మెచ్చుకున్నదే ఇది. ఇక మెట్రిక్ మేళా అని ఊళ్లో పెడతారు. పిల్లలే అంగళ్లు పెట్టి తూకం, కొలత, చిల్లర లెక్క ఊరివాళ్ల ముందు చేస్తారు. బడి లెక్కను బజారుకు తెచ్చే పని అది. కోల్‌కతా పిల్లల మీద ఆ పరిశోధన రావడానికి ఎన్నో ఏళ్ల ముందే మన పక్క పల్లెల్లో జరిగింది. 2003లో చెన్నై కార్పొరేషన్ కొన్ని బడుల్లో ఈ పద్ధతి మొదలుపెట్టింది, 2007కల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ పోయింది. కొద్దిమందికి మాత్రమే చెల్లేదైతే అంత దూరం పోదు.

తమ్ముడు: ఆ తమిళనాడే హిమాచల్‌తో కలిసి పీసా అనే అంతర్జాతీయ పరీక్ష రాసి ప్రపంచ పట్టికలో దాదాపు అట్టడుగున నిలిచింది కదక్కా?

అక్క: ఆ పరీక్ష రాసింది 2010 ప్రాంతంలో పదిహేనేళ్ల పిల్లలు. వాళ్లు ఐదో తరగతి దాటిన రెండుమూడేళ్లకు గానీ ఈ కార్డులు రాష్ట్రమంతా రాలేదు. ఆ ఫలితం పాత చదువు మీద తీర్పు, కార్డుల మీద కాదు. కానీ నీకు నేనే ఒక ఆయుధం ఇస్తా. కార్డు కూడా బట్టీ కాగలదు. గుర్తు చూసి, కార్డు తెచ్చి, ఖాళీలు నింపి, టిక్కు పెట్టుకుని, మెట్టెక్కేయొచ్చు. పద్ధతి మారినంత మాత్రాన ఎందుకు అనే ప్రశ్న దానంతటది రాదు. అడిగే మనిషి కావాలి, ఆ మనిషికి ముందు లెక్క తెలియాలి. అందుకే టీచరుకు విషయం రాకపోయినా పరవాలేదు, పిల్లలే కనుక్కుంటారు అనేవాళ్లను నేనూ నమ్మను.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగాలనుకుంటున్నాను. మొత్తం వాదంలో మనం తక్కువ మాట్లాడుకునేది ఇదే. 816ను 4తో భాగించమంటే ఒక పిల్ల 24 అని రాసిందనుకోండి. ఎనిమిదిలో నాలుగు రెండుసార్లు, ఒకటిలో పోదు, పదహారులో నాలుగుసార్లు. సున్న జారిపోయింది. చాలామంది టీచర్లు అక్కడ ఎర్ర గీత గీసి, పోనప్పుడు సున్న వేయాలి అని నియమం మళ్లీ చెప్తారు. పిల్ల ఆ లెక్క దిద్దుకుంటుంది, వారం తర్వాత 1,236ను 4తో భాగించి 39 అని రాస్తుంది. ఎందుకంటే ఆమెకు తెలిసింది నియమం, తెలియంది జవాబు ఎంత ఉండాలన్నది. అదే టీచరు, ఎనిమిది వందల రూపాయల్ని నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత అని అడిగితే పిల్ల రెండొందలు అంటుంది. మరి 816కు 24 ఎట్లా వచ్చింది అంటే ఆ పిల్ల తన కాగితాన్ని తానే అనుమానంగా చూసుకుంటుంది. తర్వాతి లెక్కకు ముందే, జవాబు పదుల్లో వస్తుందా, వందల్లోనా, చెప్పి మొదలుపెట్టు అంటే చాలు. 39 రాసే చెయ్యి అక్కడే ఆగుతుంది. ఈ ప్రశ్న అడగడానికి అర నిమిషం పడుతుంది. ఏ తప్పు వెనక ఏ ప్రశ్న ఉందో టీచరుకు ముందే తెలియడానికి మాత్రం ఏళ్లు పడతాయి. మన శిక్షణ తరగతుల్లో పెద్ద పెద్ద మాటల పట్టికలు పంచుతున్నాం గానీ, నాలుగో తరగతి భాగహారంలో పిల్లలు చేసే తప్పులు ఎన్ని రకాలు, ఒక్కోదానికి ఏం అడగాలి అని కూర్చుని మాట్లాడుకునే తరగతులు చాలా తక్కువ. పిల్లల ఆలోచన మీద నిజంగా మనసున్నవాళ్లు మొదట ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

తమ్ముడు: సరే, చిన్న తరగతులకు ఒప్పుకున్నా. నా సంగతి వేరు. మా పిల్లలు రాసే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. ప్రశ్నకు 70 సెకన్లు కూడా రావు. అక్కడ ఎందుకు అని ఆగినవాడు వెనకపడతాడు. చూడగానే ఏ రకం లెక్కో గుర్తుపట్టి చేయి ఆడించినవాడికే ర్యాంకు. ఆ ర్యాంకు కోసం పొలం తాకట్టు పెట్టిన తండ్రులున్నారు. వాళ్లకు నేను ఆలోచన గురించి ఉపన్యాసం ఇవ్వలేను. చదువు మీద కోపం ఉన్నవాళ్లు రాసే రాతలు కూడా చూశాను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'చదువులా? చావులా?' అని పుస్తకమే వేశాడు. ఆయన కోపం న్యాయమే. కానీ కోపం ర్యాంకు తెప్పించదు.

అక్క: నామిని కోపంతోనే ఆగలేదు, 'పిల్లల భాషలో ఆల్జీబ్రా' కూడా రాశాడు. లెక్కను పిలకాయల మాటలోకి తెచ్చి చెప్తే వస్తుందని చూపడానికే కదా అది. ఇక నీ 70 సెకన్ల సంగతి. పరీక్షకు ముందు రెండేళ్లు వేగం కోసం సాధన చేయించు, నేను తప్పు పట్టను. ఆటగాడి అమరికలు నువ్వే చెప్పావు. గుర్తుపట్టడమూ తెలివే. కానీ ఆ వేగాన్ని ఆరో తరగతికి దించారు చూడు, నేను కొట్లాడేది దానిమీద. పదకొండేళ్ల పిల్లకు భిన్నం అంటే ఏంటో కుదరకముందే, నాలుగు జవాబుల్లో మూడు కొట్టేసే చిట్కాలు నేర్పుతున్నారు. ఆ పిల్ల ఇంటర్లో నీ దగ్గరికి వచ్చేసరికి లాగరిథమ్ ఎందుకు పుట్టిందో అడగదు, ఏ సూత్రం సార్ అని మాత్రం అడుగుతుంది. నీ క్లాసులో నువ్వు విసుక్కునే ప్రశ్న అదే కదా? దాని పునాది నీ బ్యాచీ కింది అంతస్తులోనే పడుతోంది. పరీక్షలో పాత మూసలోకి ఇమడని లెక్క ఒకటి వచ్చినప్పుడు, ఆ పిల్లకు తెలిసిన పద్ధతులన్నీ ఉంటాయి, ఏది తియ్యాలో తెలియదు. కోట కథ చదివి కూడా గడ్డ లెక్క చేయలేనివాళ్ల తీరు అదే.

తమ్ముడు: ఆరో తరగతి ఫౌండేషన్ వద్దని నేను తల్లిదండ్రులకు చెప్పలేనక్కా, వాళ్లు పక్క వీధిలో చేర్చేస్తారు. కానీ ఇది చేయగలను. ప్రతి అధ్యాయం చివర ఒక లెక్క ఇచ్చి, పోయిన నెల చేసిన ఏ అధ్యాయం దీనికి పనికొస్తుందో రాయండి, లెక్క చేయొద్దు అంటాను. పది నిమిషాలు. ఆ గుర్తుపట్టడమే ర్యాంకుకూ పనికొస్తుంది కాబట్టి మేనేజ్‌మెంటు కూడా అడ్డు చెప్పదు.

అక్క: అది మంచి మాట. నేనైతే దానికి మార్కులు కూడా వేయమంటా. పేపర్లో మార్కు లేనిదాన్ని పిలకాయలు నమ్మరు.

తమ్ముడు: మార్కులంటే నీ బస్సుల లెక్కే తీసుకుందాం, నాలుగు మార్కులకు. ఒకడు 31 శేషం 12 అని నిక్కచ్చిగా భాగించి వదిలేశాడు. ఇంకొకడు గుణకారంలో పొరబడి భాగఫలం 30 తెచ్చి, మిగిలినవాళ్లకూ బస్సు కావాలి కాబట్టి 31 బస్సులు అని రాశాడు. ఎవరికెంత?

అక్క: మొదటివాడికి రెండు, రెండోవాడికి మూడు.

తమ్ముడు: నేనైతే తిప్పి వేస్తాను. గుణకారం తప్పు చేసినవాడు రేపు వంతెన కడితే ఎవరు ఎక్కుతారు?

అక్క: లెక్క ముగించి బస్సు సంగతే మరిచినవాడు కట్టినా ఎక్కలేం. మార్కుల సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి పేపరు వీడికి, వీడి పేపరు వాడికి ఇచ్చి, తప్పెక్కడుందో పక్కవాడికి చెప్పమను. ఆ తర్వాత ఇద్దరికీ ఇంకో లెక్క పెట్టి, దానికి వేద్దాం మార్కులు.